జీడిపిక్కల ఫైళ్లు స్నోఫ్లేక్‌లోకి: 1,15,200 రూపాయలు 1 ఎలా అయింది?

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది. హెడ్డాఫీసు విజయనగరంలో. టెక్కలి, పలాస, సోంపేటల్లో జీడిపిక్కల కొనుగోలు కేంద్రాలు. మూడు చోట్ల నుంచీ నెలాఖరుకు తలా ఒక సీఎస్‌వీ ఫైలు (విలువల మధ్య కామాలు పెట్టిన ఉత్త టెక్స్ట్ ఫైలు) వస్తుంది, వాటిని స్నోఫ్లేక్ అనే క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌లో ఒకే టేబుల్లోకి ఎక్కిస్తున్నారు. ఏప్రిల్ ఫైళ్లకు "ఫైల్లో కాలమ్‌లు 11, టేబుల్లో 8" అని ఎర్రర్ వచ్చింది. ఆ మెసేజ్ చివర్లోనే ఉన్న ఉపాయం చూసి కాలమ్‌ల లెక్క తనిఖీ ఆపేశారు. తర్వాత "ఇది అంకె కాదు" అని ఇంకో ఎర్రర్ వస్తే ఆన్ ఎర్రర్ దగ్గర కంటిన్యూ పెట్టారు, అంటే తప్పున్న వరసల్ని వదిలేసి ముందుకెళ్లమని. ఫైళ్లు ఎక్కాయి. ఇప్పుడు మొత్తాలు కేంద్రాల పుస్తకాలతో కలవడం లేదు, కొనుగోళ్లు డిసెంబరులో కూడా జరిగినట్టు కనిపిస్తున్నాయి, సోంపేట ఊళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి.

ముందు ఆ రెండు సెట్టింగులూ వెనక్కి తీసేయండి. మీకొచ్చిన ఎర్రర్లు రెండూ నిజమే చెప్పాయి. వాటి నోరు మూయించాక మొదలైంది అసలు తంటా.

ఇంకో మాట: ఆప్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో రాయాలి.

టెక్కలి ఫైల్లో ఒక వరస చూద్దాం. కాలమ్‌లు వరసగా రశీదు నంబరు, తేదీ, రైతు కోడ్, చిరునామా, బస్తాలు, కిలోలు, ధర, మొత్తం.

1047,05/04/2024,0312,"శివాలయం వీధి, మందస",12,960,120,"1,15,200"

మన కంటికి ఇందులో ఎనిమిదే ఉన్నాయి. చిరునామాలో కామా ఉంది కాబట్టి ఎక్సెల్ దానికి డబుల్ కోట్స్ తొడిగింది, మొత్తానికీ అంతే. కానీ స్నోఫ్లేక్‌లో ఫీల్డ్ ఆప్షనల్లీ ఎన్‌క్లోజ్డ్ బై అనే ఆప్షన్‌కు డిఫాల్ట్ విలువ నన్. అంటే మీరు చెప్పకపోతే దానికి కోట్ గుర్తు కూడా మామూలు అక్షరమే. కామా కనిపించిన ప్రతిచోటా కోస్తుంది. చిరునామా రెండు ముక్కలు, మొత్తం మూడు ముక్కలు, వెరసి 11. మీ మొదటి ఎర్రర్ లెక్క ఇదే.

మీరు తనిఖీ ఆపేశాక ఏమైందంటే, ఎనిమిది ముక్కలు తీసుకుని మిగతా మూడూ పారేయడానికి సిద్ధపడింది. నాలుగో కాలమ్‌లో "శివాలయం వీధి" పడింది, అయిదో కాలమ్ బస్తాలది, అక్కడికి "మందస" వచ్చింది. మందస అంకె కాదు కదా, అందుకే రెండో ఎర్రర్. దాన్నీ కంటిన్యూతో దాటించేసరికి ఆ వరస టేబుల్లోకే రాలేదు. అంటే టెక్కలిలో చిరునామాలో కామా ఉన్న రైతులందరూ మీ లెక్కల్లోంచి మాయమయ్యారు.

పలాస ఫైలు ఇంతకంటే ప్రమాదకరం. అక్కడ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోట్స్ పెట్టకుండానే రాసేస్తోంది:

2210,05/04/2024,0518,కాశీబుగ్గ,12,960,120,1,15,200

ఇందులో పది ముక్కలు. తనిఖీ ఉంటే ఆగిపోయేది. తనిఖీ లేదు కాబట్టి ఎనిమిదో ముక్కను మొత్తంగా తీసుకుంది, అది 1. వెనకున్న 15, 200 చెత్తబుట్టలోకి. 1 నిక్షేపంలాంటి అంకె, ఏ ఎర్రరూ రాదు. లక్షా పదిహేను వేల రెండొందలు ఒక్క రూపాయి అయి కూర్చుంది. ఒక్క బస్తా, 80 కిలోలు అమ్మిన రైతుకు 9,600 బదులు 9 పడుంటుంది. వెయ్యి లోపు రశీదులు మాత్రం సరిగ్గా ఉంటాయి, ఎందుకంటే వాటిలో కామా లేదు. పైపైన నాలుగు చిన్న రశీదులు తీసి చూసుకుంటే అంతా బాగానే ఉందనిపించేది ఇందుకే. మీ టేబుల్లో పలాస వరసల్ని మొత్తం కాలమ్ మీద పెద్దవి పైకి వచ్చేలా సార్ట్ చేసి చూడండి. ఏదీ 999 దాటదు.

ఈ రెండు ఫైళ్లకూ మందు ఒకటి కాదు. టెక్కలిలో కోట్స్ ఉన్నాయి, వాటిని గుర్తించమని చెబితే చాలు. పలాసలో కోట్సే లేవు. ఏ కామా సరిహద్దో, ఏ కామా వేల గుర్తో ఫైల్లోనే లేనప్పుడు వేర్‌హౌస్ ఎలా కనిపెడుతుంది? అందుకే మూడు కేంద్రాలకు మూడు ఫైల్ ఫార్మాట్లు విడిగా చేయమంటాను. స్టేజ్‌లో (ఎక్కించే ముందు ఫైళ్లు పెట్టే చోట) కూడా కేంద్రానికో ఫోల్డర్. ఒకే ఫార్మాట్‌తో అందర్నీ ఈడ్చుకెళ్దామని చూస్తే ఒకరి కోసం సడలించింది ఇంకొకరి తప్పును దాచేస్తుంది.

టెక్కలికి ఇది సరిపోతుంది:

క్రియేట్ ఆర్ రీప్లేస్ ఫైల్ ఫార్మాట్ టెక్కలి_ఫార్మాట్
టైప్ = సీఎస్‌వీ
ఫీల్డ్_డిలిమిటర్ = ','
స్కిప్_హెడర్ = 1
ఫీల్డ్_ఆప్షనల్లీ_ఎన్‌క్లోజ్డ్_బై = '"'
ట్రిమ్_స్పేస్ = ట్రూ
ఎస్కేప్_అన్‌ఎన్‌క్లోజ్డ్_ఫీల్డ్ = నన్
నల్_ఇఫ్ = ('', '-', 'NULL')
డేట్_ఫార్మాట్ = 'డీడీ/ఎంఎం/వైవైవైవై'
ఎన్‌కోడింగ్ = 'యూటీఎఫ్8'
ఎర్రర్_ఆన్_కాలమ్_కౌంట్_మిస్‌మ్యాచ్ = ట్రూ

చివరిది డిఫాల్టే, రాయనక్కర్లేదు. అయినా రాయండి. రేపు మీ చోట్లోకి వచ్చే మనిషికి అది తెలిసి పెట్టిందని అర్థం కావాలి.

ట్రిమ్ స్పేస్ ఎందుకంటే, కొందరు కామా తర్వాత ఒక ఖాళీ వదిలి ఆ తర్వాత కోట్ పెడతారు. అలా ఉంటే స్నోఫ్లేక్ ఆ ఖాళీనే ఫీల్డ్ మొదలనుకుంటుంది, కోట్ మళ్లీ మామూలు అక్షరమైపోతుంది, లోపలి కామా దగ్గర కోత పడుతుంది. ఎన్‌క్లోజ్డ్ బై పెట్టాను, అయినా కాలమ్‌లు ఎక్కువ వస్తున్నాయి అని తల పట్టుకునేవాళ్లలో చాలామందిది ఈ కేసే.

ఎస్కేప్ అన్‌ఎన్‌క్లోజ్డ్ ఫీల్డ్‌కు డిఫాల్ట్ బ్యాక్‌స్లాష్. కోట్స్ లేని ఫీల్డు చివర ఎవరైనా పొరపాటున బ్యాక్‌స్లాష్ కొడితే, అది పక్కనున్న కామాను మింగేస్తుంది, రెండు కాలమ్‌లు అతుక్కుపోతాయి. ఇంటి నంబర్లు టైప్ చేసేటప్పుడు అడ్డగీత (/) బదులు బ్యాక్‌స్లాష్ (\) పడటం మామూలే. ఫైల్లో కాలమ్‌లు 8 ఉండాల్సిన చోట 7 అని ఎర్రర్ వస్తే మొదట వెతకాల్సింది దాన్నే. నన్ అని పెడితే ఈ బెడద ఉండదు.

కోట్స్ లోపల ఇంకో కోట్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలన్నది సీఎస్‌వీ రివాజు. 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే సీఎస్‌వీ పత్రం అదే చెబుతుంది, ఎక్సెల్ కూడా అలాగే రాస్తుంది. చేత్తో నోట్‌ప్యాడ్‌లో దిద్దిన ఫైళ్లలో మాత్రం అంగుళాల గుర్తుగా జత లేని డబుల్ కోట్ తగులుతుంటుంది. అప్పుడు "ఫీల్డ్ డిలిమిటర్ ఉండాల్సిన చోట వేరే అక్షరం కనిపించింది" అన్న ఎర్రర్ వస్తుంది. దానికి ఆప్షన్ ఏమీ లేదు, ఫైలు దిద్దడమే.

ఎన్‌క్లోజ్డ్ బై పెట్టినా "1,15,200" ఇంకా సమస్యే. ఇప్పుడది ముక్కలవదు, ఒకే ఫీల్డుగా వస్తుంది, కానీ నంబర్ కాలమ్ కామాలున్న మాటను అంకెగా ఒప్పుకోదు. వేలకు, లక్షలకు పెట్టే కామాలను తీసేయమనే ఆప్షన్ సీఎస్‌వీ ఫార్మాట్‌లో లేదు. ఫైలు ఎక్కించే కాపీ కమాండ్‌లోనే సెలెక్ట్ రాసి $8లో, అంటే ఎనిమిదో కాలమ్‌లో, కామాలను రీప్లేస్‌తో తీసేయొచ్చు. కానీ అలా మార్పులు చేసే కాపీతో వ్యాలిడేషన్ మోడ్ (ఎక్కించకుండా తప్పులు మాత్రం చూపేది) పనిచేయదు. సెలెక్ట్‌లో వేర్ షరతు కూడా పెట్టలేం. కాబట్టి ఫైలు అడుగున "మొత్తం" అని కూడిక వరస ఉంటే (మన లెక్కల పుస్తకాల్లో అది లేకుండా ఉండదు కదా) దాన్ని వదిలేయడానికి వీలుండదు. పై వరసలు దాటేయడానికి స్కిప్ హెడర్ ఉంది కానీ అడుగు వరసలు దాటేయడానికి ఏమీ లేదు.

అందుకే రెండు మెట్లలో చేయండి. మొదట ఒక దింపుడు టేబుల్. అందులో ఎనిమిది కాలమ్‌లూ వార్‌చార్, అంటే ఉత్త అక్షరాల రకం. వాటితో పాటు ఫైలు పేరు, ఫైల్లో వరస నంబరు. ఈ రెండూ మెటాడేటా$ఫైల్‌నేమ్, మెటాడేటా$ఫైల్_రో_నంబర్ అన్న పేర్లతో కాపీలోని సెలెక్ట్‌లో దొరుకుతాయి. కాపీలో సెలెక్ట్ ఉంటే స్నోఫ్లేక్ కాలమ్‌ల లెక్క తనిఖీని పట్టించుకోదు, కాబట్టి ఎక్కించే ముందు తొమ్మిదో ముక్క, అంటే $9, ఏమైనా వస్తోందేమో స్టేజ్ మీదే చూసుకోండి. ఇక్కడ తేదీలు, అంకెలు ఏవీ మార్చరు కాబట్టి కోట్స్ తేడా లాంటివి వస్తే తప్ప ఎర్రర్ రాదు. వస్తే అది నిజంగా ఫైల్లో తప్పే. రెండో మెట్టులో అక్కడి నుంచి అసలు టేబుల్లోకి. మొత్తాన్ని రీప్లేస్‌తో కామాలు తీసి ట్రై టు నంబర్‌లో వేయండి, తేదీని ట్రై టు డేట్‌లో. ట్రై అన్నవి మార్చలేకపోతే ఎర్రర్ ఇవ్వవు, నల్ (ఖాళీ విలువ) ఇస్తాయి. కాబట్టి మూలంలో విలువ ఉండి, మార్చాక నల్ అయిన వరసల్ని ఒక క్వెరీతో పట్టుకుని కేంద్రానికి పంపొచ్చు, ఫైలు పేరు, వరస నంబరుతో సహా. అడుగున ఉన్న కూడిక వరసను రశీదు నంబరు లేదన్న షరతుతో ఇక్కడే వదిలేయండి. ఆ కూడికను పారేయొద్దు, తర్వాత సరిచూసుకోడానికి పనికొస్తుంది.

ట్రై టు నంబర్ రాసేటప్పుడు తప్పనిసరిగా (12, 2) అని ఇవ్వండి. ఇవ్వకపోతే దశాంశ స్థానాలు సున్నా అనుకుంటుంది, 120.50 ధర 121 అయిపోతుంది. టేబుల్ చేసేటప్పుడు ఉత్త నంబర్ అని రాసినా ఇంతే, అది నంబర్ (38, 0) కింద లెక్క. మీ టేబుల్లో ధర కాలమ్ ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. కిలోకు అర్ధ రూపాయి తేడా అంటే 960 కిలోల రశీదుకు 480 రూపాయలు.

పలాస సంగతి. అసలు మందు ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఉంది. ఎక్స్‌పోర్ట్‌లో కామా బదులు ట్యాబ్ గానీ నిలువుగీత గానీ ఎంచుకునే వీలుందేమో చూడండి. లేదా అంకెల్లో కామాలు రాకుండా ఆపొచ్చేమో అడగండి. నిలువుగీతైతే ఫీల్డ్ డిలిమిటర్ దగ్గర అదే రాస్తే సరి. ట్యాబ్ అయితే బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న టీ. ఏదీ కుదరకపోతే, మొత్తం చివరి కాలమ్ కావడం మీ అదృష్టం. ఫీల్డ్ డిలిమిటర్ నన్, ఎన్‌క్లోజ్డ్ బై కూడా నన్ అని పెట్టి వరసంతా ఒకే కాలమ్‌గా దింపుడు టేబుల్లోకి తీసుకోండి. తర్వాత స్ప్లిట్‌తో కామాల దగ్గర కోయండి, మొదటి ఏడు ముక్కలూ ఏడు కాలమ్‌లు. ఎనిమిదో ముక్క నుంచి ఆఖరు దాకా అర్రే స్లైస్‌తో తీసి, మధ్యలో ఏమీ లేకుండా అర్రే టు స్ట్రింగ్‌తో అతికితే 1, 15, 200 కలిసి 115200 అవుతుంది. అర్రేలో లెక్క సున్నా నుంచి మొదలు, అందుకని ఎనిమిదో ముక్కకు 7 అని రాయాలి. పలాసవాళ్లు చిరునామాలో ఊరి పేరొక్కటే రాస్తున్నంత కాలం ఇది నడుస్తుంది. ఎవరైనా వీధి పేరూ కామా చేర్చిన రోజు బస్తాల చోట ఊరి పేరు వస్తుంది, ట్రై టు నంబర్ దాన్ని నల్ చేసి పట్టిస్తుంది.

మొత్తం ఎలాగూ కిలోలు గుణించు ధరే కదా, లెక్కకట్టేస్తే పోదా అనిపించొచ్చు. తేమకో తరుగుకో కోత పెడితే రశీదు మీది మొత్తం వేరేగా ఉంటుంది. రైతుకు ఇచ్చింది రశీదు మీది. గుణకారాన్ని సరిచూసుకోడానికి వాడండి, దాని చోట పెట్టకండి.

ఇక తేదీలు. ఇది చాలా వేర్‌హౌసుల్లో చప్పుడు చేయకుండా కొంప ముంచేది. డేట్ ఫార్మాట్ డిఫాల్ట్ ఆటో. ఆటో గుర్తుపట్టే రూపాలు ఏడాది-నెల-రోజు, రోజు-నెల పేరు-ఏడాది, ఇంకా అడ్డగీతలతో నెల/రోజు/ఏడాది. మనం రాసే రోజు/నెల/ఏడాది అందులో లేదు. అంచేత 05/04/2024ను మే 4గా చదువుతుంది. 13/04/2024 దగ్గరికొచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి ఎర్రర్. మీరు కంటిన్యూ పెట్టి ఉన్నారు, కాబట్టి 13 నుంచి 30 దాకా వరసలన్నీ వదిలేసి వెళ్లిపోయింది. మొదటి పన్నెండు రోజులవి మాత్రం ఎక్కాయి, జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకొకటి చొప్పున పరుచుకుని, అన్నీ 4వ తేదీనే. మీ టేబుల్ తీసి చూడండి, ప్రతి నెలా 4వ తారీఖున మాత్రమే కొనుగోళ్లు ఉంటాయి. ఏప్రిల్ 4 ఒక్కటే నిజం. వేసవి పంటకు డిసెంబరు కొనుగోళ్లు అక్కడి నుంచి వచ్చినవే.

డేట్ ఫార్మాట్ ఖచ్చితంగా రాసేస్తే ఈ గొడవ పోతుంది. ఒక ఫైల్ ఫార్మాట్‌కు ఒకే తేదీ రూపం ఇవ్వగలం, కేంద్రానికో ఫార్మాట్ అనడానికి ఇదీ కారణమే. రెండు మెట్ల పద్ధతిలో తేదీ కూడా వార్‌చార్‌గానే దిగుతుంది కాబట్టి అక్కడ ఈ ఆప్షన్ అక్కరకు రాదు, ట్రై టు డేట్‌లో రెండో మాటగా అదే రూపం ఇవ్వాలి. అది మరిచిపోతే అక్కడా ఆటోయే, కథ మళ్లీ మొదటికి. ఎక్సెల్ సీఎస్‌వీలో తేదీని తెర మీద కనిపించినట్టే రాస్తుంది, అది ఆ కంప్యూటర్‌లో విండోస్ తేదీ సెట్టింగును బట్టి ఉంటుంది. టెక్కలిలో సిస్టమ్ మార్చిన రోజు అడ్డగీతలు పోయి హైఫన్లు రావచ్చు. వీలైతే మూడు కేంద్రాల్లోనూ ఆ కాలమ్‌ను ఏడాది-నెల-రోజు రూపంలోకి మార్పించండి, దాన్ని ఎవరూ తిరగేసి చదవరు.

సోంపేట ప్రశ్నార్థకాలకు వేర్‌హౌస్‌లో మందు లేదు. ఎక్సెల్‌లో సేవ్ యాజ్ కింద సీఎస్‌వీ పేరుతో ఒకటి కంటే ఎక్కువ రకాలుంటాయి. ఉత్త "సీఎస్‌వీ, కామా డిలిమిటెడ్" ఎంచుకుంటే విండోస్ పాత కోడ్‌పేజీలో రాస్తుంది. అందులో తెలుగుకు చోటు లేదు, ప్రతి తెలుగు గుర్తు స్థానంలో ప్రశ్నార్థకం వేసి కూర్చుంటుంది. ఆ ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడే ప్రశ్నార్థకాలు కనిపిస్తే అక్షరాలు సేవ్ చేసినప్పుడే పోయాయి, ఎన్‌కోడింగ్ దగ్గర ఏం రాసినా తిరిగి రావు. అసలు ఎక్సెల్ ఫైలు నుంచి "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని మళ్లీ సేవ్ చేయించుకోవాలి. ఈ రకంలో ఫైలు మొదట్లో బీఓఎం అనే కనపడని గుర్తు ఉంటుంది, స్నోఫ్లేక్ దాన్ని డిఫాల్ట్‌గా దాటేస్తుంది, దిగులు పడక్కర్లేదు.

ప్రశ్నార్థకాలు కాకుండా, నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనిపిస్తే సంతోషించండి. ఫైలు యూటీఎఫ్-8లోనే భద్రంగా ఉంది, ఎవరో ఎన్‌కోడింగ్‌ను విండోస్1252 అని పెట్టి చదివారు. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొదటి రెండు బైట్లు ఆ రూపంలో కనిపిస్తాయి. ఎన్‌కోడింగ్ దిద్ది మళ్లీ ఎక్కిస్తే సరి. మూడో రకం ఇంకోటుంది: అక్షరాలన్నీ మామూలు ఇంగ్లిష్ గుర్తులే, అర్థం లేకుండా. అది అను ఫాంట్ల లాంటి యూనికోడ్ కాని తెలుగులో కొట్టింది. ముందు యూనికోడ్‌లోకి మార్పించాలి. రీప్లేస్ ఇన్‌వ్యాలిడ్ క్యారెక్టర్స్ అనే ఆప్షన్ జోలికి మాత్రం వెళ్లకండి. చదవలేని గుర్తు స్థానంలో నల్ల వజ్రం లాంటిది పెట్టి నోరు మూసుకుంటుంది.

తెలుగు పేర్లకు వార్‌చార్ పొడవు కూడా కంటితో లెక్కేయకండి. శ్రీకాకుళం అనేది మనకు నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న, మొత్తం 10. స్నోఫ్లేక్ వార్‌చార్ (10)లో సరిగ్గా పడుతుంది. అమెజాన్ వేర్‌హౌస్ రెడ్‌షిఫ్ట్ బైట్లు లెక్కేస్తుంది, అక్కడ అదే పేరుకు 30 కావాలి. ట్రంకేట్ కాలమ్స్ పెట్టి ఇరికించబోతే ఊరి పేరు మధ్యలో తెగుతుంది.

రైతు కోడ్ 0312 లాంటివి టేబుల్లో నంబర్‌గా పెట్టకండి, ముందున్న సున్నా పోతుంది. ఇన్‌ఫర్ స్కీమాతో టేబుల్ దానంతటదే తయారు చేయిస్తే ఈ పొరపాటు జరిగేది ఖాయం, అంకెలే కనిపిస్తాయి కాబట్టి నంబర్ అంటుంది. వార్‌చార్ పెట్టినా, కేంద్రంలో ఎవరైనా ఆ సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచి మళ్లీ సేవ్ చేస్తే సున్నా అక్కడే రాలిపోతుంది. బ్యాంకు ఖాతా నంబర్లు చేర్చే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది, 16 అంకెల ఖాతాకు చివరి అంకె సున్నా అయిపోతుంది. 11 అంకెలు దాటినవి ఇంగ్లిష్ E అక్షరంతో కుదించి రాసేస్తుంది. ఫైలు చూసుకోవాలంటే నోట్‌ప్యాడ్‌లోనే చూడమనండి.

ఖాళీల గురించి కొంచెం. రెండు కామాల మధ్య ఏమీ లేకపోతే డిఫాల్ట్‌గా నల్ అవుతుంది. రెండు కోట్స్ పెట్టి మధ్యలో ఏమీ లేకపోతే అది ఖాళీ మాట, నంబర్ కాలమ్‌లో ఎర్రర్. నల్ ఇఫ్ జాబితాలో ఖాళీ కోట్స్ చేర్చింది దానికే. ఆ జాబితా అన్ని కాలమ్‌లకూ వర్తిస్తుంది, ఏది పడితే అది చేర్చకండి.

హెడర్ వరసలో ఎవరైనా ఆల్ట్-ఎంటర్ కొట్టి "మొత్తం" కింద "రూ." అని రెండు లైన్లలో రాశారనుకోండి. స్కిప్ హెడర్ కోట్స్‌ను పట్టించుకోదు, ఉత్త లైన్లు లెక్కేసి దాటుతుంది. 1 అని పెడితే సగం హెడర్ డేటాలోకి వస్తుంది. పైన కంపెనీ పేరు, నెల పేరు రాసే అలవాటుంటే ఆ లైన్లూ కలిపి లెక్కేయండి.

ఇప్పుడు మీ టేబుల్ బాగుచేయడం. ఉన్న వరసల్ని డిలీట్‌తో తీసేస్తే ఫైళ్లు మళ్లీ ఎక్కవు. ఏ ఫైలు ఎక్కిందో స్నోఫ్లేక్ 64 రోజులు గుర్తుంచుకుంటుంది, డిలీట్‌తో ఆ గుర్తు పోదు. ట్రంకేట్ టేబుల్ (టేబుల్‌ను మొత్తం ఖాళీ చేసే కమాండ్) చేస్తే పోతుంది. టేబుల్లో ఈ ఏప్రిల్ ఫైళ్లు తప్ప ఏమీ లేకపోతే ట్రంకేటే సులువు. పాత నెలలూ ఉంటే మాత్రం ట్రంకేట్ వద్దు. ఎలాగూ ఇప్పుడు కొత్త దింపుడు టేబుల్లోకి దించుతున్నారు, దానికి ఈ ఫైళ్లు కొత్తవే, ఎక్కిన ఫైళ్లనే మళ్లీ ఎక్కించే ఫోర్స్ ఆప్షన్ అవసరం లేదు. అసలు టేబుల్లో తప్పుడు వరసలు మాత్రం డిలీట్ చేయాలి. తేదీలను నమ్మి డిలీట్ చేయొద్దు, తేదీలే తప్పు. ఏప్రిల్ రశీదు నంబర్ల మేరకు చేయండి. రశీదు నంబర్లు మూడు చోట్లా కలిసిపోయే పనైతే కేంద్రం కోడ్ కాలమ్ ఒకటి చేర్చుకోవాల్సిందే.

దిద్దిన ఫైల్ని అదే పేరుతో పుట్ కమాండ్‌తో పంపేటప్పుడు ఓవర్‌రైట్ = ట్రూ ఇవ్వండి. ఇవ్వకపోతే పాతదే ఉంటుంది, పుట్ ఆ ఫైల్ని స్కిప్ చేశానని ఒక మూల రాసి ఊరుకుంటుంది. మీరు దిద్దాననుకుంటారు, మళ్లీ అదే ఎర్రర్.

ఎక్కించే ముందు ఫైలు ఎలా కోస్తోందో చూడటానికి టేబులే అక్కర్లేదు. స్టేజ్ మీదే సెలెక్ట్ $1, $2 అంటూ $9 దాకా రాసి, ఫైల్ ఫార్మాట్ పేరు ఇచ్చి చూడొచ్చు. $9లో ఏమైనా కనిపించిందంటే ఎక్కడో కామా తెగినట్టే. అసలు లైను ఎలా ఉందో చూడాలంటే డిలిమిటర్ నన్ ఫార్మాట్‌తో $1 చూడండి. మార్పులు లేని కాపీకైతే వ్యాలిడేషన్ మోడ్ = రిటర్న్ ఎర్రర్స్ పెడితే ఏమీ ఎక్కించకుండా తప్పులన్నీ లైను, అక్షరం స్థానంతో సహా చూపిస్తుంది.

ఎక్కాక కాపీ ఇచ్చే ఫలితంలో రోస్ పార్స్‌డ్, రోస్ లోడెడ్ రెండూ ఒకటేనా చూసుకోండి. స్టేటస్ దగ్గర పార్షియల్లీ లోడెడ్ అని ఉంటే ఏవో వరసలు బయట ఉండిపోయాయి. మొదటిసారి మీకు ఈ మాట కనిపించే ఉంటుంది. వరసల లెక్క కుదిరాక మూడు కూడికలు: బస్తాలు, కిలోలు, మొత్తం. కేంద్రం పంపిన అడుగు వరసతో పోల్చండి. పలాస లాంటి కామా తప్పులో వరసల లెక్క, బస్తాలు, కిలోలు అన్నీ కలిసినా మొత్తం ఒక్కటే తేడా వస్తుంది, కాబట్టి వరసల లెక్కతో సరిపెట్టుకోకండి.

గూగుల్ వేర్‌హౌస్ బిగ్‌క్వెరీ వాడితే ఎలా అని కూడా అడిగారు. అక్కడ డబుల్ కోట్‌ను గుర్తించడం డిఫాల్ట్‌గానే ఉంటుంది, టెక్కలి ఫైలు మొదటి గండం దాటుతుంది. కానీ కోట్స్ లోపల లైను మారితే ఒప్పుకోదు, అలౌ కోటెడ్ న్యూలైన్స్ ట్రూ అని చెప్పాలి. మ్యాక్స్ బ్యాడ్ రికార్డ్స్ డిఫాల్ట్ సున్నా, దాన్ని పెంచడం అంటే ఇక్కడ కంటిన్యూ పెట్టినట్టే. ఆటో డిటెక్ట్ మొదటి 500 వరసల వరకే చూసి రకాలు తేలుస్తుంది, 0312 అక్కడా అంకె అయిపోతుంది. తేదీని స్ట్రింగ్‌గా తీసుకుని పార్స్ డేట్‌తో మార్చడం మేలు. రెడ్‌షిఫ్ట్‌లో కాపీకి సీఎస్‌వీ అన్న మాట రాస్తేనే కోట్స్ చూస్తుంది, ఉత్త డిలిమిటర్ ఇస్తే స్నోఫ్లేక్‌లాగే కోసేస్తుంది. హెడర్‌కు ఇగ్నోర్‌హెడర్ 1, తేదీకి డేట్‌ఫార్మాట్, ఎర్రర్ల వివరాలు ఎస్‌టీఎల్ లోడ్ ఎర్రర్స్ టేబుల్లో దొరుకుతాయి.

వేర్‌హౌస్ మార్చినా పలాస ఫైలు ఎక్కడా సరిగ్గా ఎక్కదు. రేపు పొద్దున్నే మొదటి ఫోను అక్కడికి చేసి, ఎక్స్‌పోర్ట్‌లో నిలువుగీత పెట్టే వీలుందో లేదో కనుక్కోండి. ఉందంటే ఆ స్ప్లిట్ తిప్పలేవీ అక్కర్లేదు. లేదంటే ఆ ఎక్స్‌పోర్ట్ ఫైల్లోంచి కామాలతో ఉన్న ఓ నాలుగు లైన్లు, రైతుల వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి, స్ప్లిట్ క్వెరీ వాటి మీదే రాసిస్తాను.